మజ్జిగ పడని విస్తరి

అనగనగా ఒక రాజు. రాజన్నాక రాజ్యం ఉండాలి కదా, ఉంది. దాని పేరు పాలవెల్లి. ఆ రాజ్యంలో కత్తులకంటే గరిటెలు ఎక్కువ, బురుజులకంటే పొయ్యిలు ఎక్కువ. కొండవైపు ఊళ్ళవాళ్ళు జొన్నరొట్టెలు తట్టేవాళ్ళు, సకినాలు చుట్టేవాళ్ళు. ఎర్రనేలల వాళ్ళు రాగిసంగటి ముద్దలు చేసుకుని చెనక్కాయల పచ్చడితో తినేవాళ్ళు. ఏటి ఒడ్డువాళ్ళు బోర్లించిన కుండ మీద పూతరేకులు తీసేవాళ్ళు. ఎవరి వంట వాళ్ళకి గొప్ప. మీ పులుసూ ఒక పులుసేనా, మీ పచ్చడీ ఒక పచ్చడేనా అని ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకునేవాళ్ళు. కానీ ఒక్క సంగతిలో అందరిదీ ఒకటే మాట. ఏం తిన్నా, ఎంత తిన్నా, చివర మజ్జిగ పడితేనే భోజనం అయినట్టు. అంతవరకూ ఎవరూ విస్తరి ముందు నుంచి లేచేవాళ్ళు కాదు.

రాజు పేరు వీరకేతుడు. రాణి పేరు కలువాంబ. వాళ్ళకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతుడికి కత్తంటే ప్రాణం. రెండోవాడు ధనకేతుడికి బంగారమంటే ప్రాణం. చిన్నవాడు మణికేతుడికి ఆటలంటే ప్రాణం. పొట్టేళ్ళ పందెం ఉందంటే చాలు, నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకుని పరిగెత్తే రకం.

ఏటా మామిడి పిందెలు పడే రోజుల్లో రాణి పెద్ద సంతర్పణ చేసేది. వంట ఎవరు వండినా ఆ రోజు వడ్డన మాత్రం రాజకుమారులే చెయ్యాలి. అది ఆ ఇంటి ఆచారం. పెద్దవాడు పప్పూ నెయ్యీ వడ్డించేవాడు. రెండోవాడు పులిహోరా బూరెలూ వడ్డించేవాడు. చిన్నవాడు చివర్న మజ్జిగ పోసేవాడు.

ఒక ఏడు ఏమయిందంటే, సరిగ్గా మజ్జిగ వేళకి కోట బయట పొట్టేళ్ళ పందెం డప్పు మోగింది. మణికేతుడికి కాళ్ళు నిలవలేదు. మజ్జిగ ముంత పట్టుకుని బంతి పొడుగునా గబగబా పోసుకుంటూ పోయాడు. బంతి చివర, స్తంభం పక్కన, ఒక్క విస్తరి మిగిలింది. ఒక్కడేగా, ఎవరో ఒకరు పోస్తారులే అనుకుని ముంత అక్కడే పెట్టేసి పరుగు తీశాడు.

ఆ ఒక్కడూ ఎవడనుకున్నారు? ఏడు సముద్రాల అవతల నల్లదీవిలో ఉండే కరాళకంఠుడనే మాంత్రికుడు. కలువాంబ ఇంటి భోజనం గొప్పని విని, బైరాగి వేషం వేసుకుని ఆశగా వచ్చి కూర్చున్నాడు. పప్పు తిన్నాడు, పులుసు తిన్నాడు, గారెలు ఒక పన్నెండు తిన్నాడు. చివరికి అన్నం గుంట చేసుకుని మజ్జిగ కోసం చూశాడు. చూశాడు, చూశాడు, చూశాడు. చెయ్యి ఎండిపోయింది. బంతిలో వాళ్ళంతా లేచి వెళ్ళిపోయారు. అంత పెద్ద మనిషీ ఖాళీ బంతిలో అన్నం గుంట ముందు ఒక్కడే మిగిలిపోయాడు. ఎంత చిన్నతనం చెప్పండి. వాడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత ఒళ్ళు మండిపోయింది.

లేచి నిలబడి కోటంతా అదిరేలా అరిచాడు.

"నాకు మజ్జిగ పోయని ఈ రాజ్యంలో ఇక ఏ ఇంటా పాలు తోడుకోవు. ఈ ఇంటి మజ్జిగ నా విస్తట్లో పడ్డనాడే మీ కుండల్లో మళ్ళీ పెరుగు. అది ఎన్నటికీ పడనివ్వను."

అని, నల్లదీవి కరాళకంఠుణ్ణి నేనని చాటి గాలిలో కలిసిపోయాడు. ఆ క్షణంలోనే రాజ్యంలో ఉన్న పెరుగూ మజ్జిగా నీళ్ళయిపోయాయి.

ఇక చూడండి పాలవెల్లి అవస్థ. తోడు పెడితే పాలు పాలలాగే ఉంటున్నాయి, లేకపోతే విరిగిపోతున్నాయి. పక్క రాజ్యం నుంచి కుండలతో పెరుగు తెప్పించారు. పొలిమేర దాటగానే నీళ్ళు. పిల్లలు పెరుగన్నం లేదని మారాం చేశారు. ముసలివాళ్ళు పస్తున్న మొహాలు వేసుకుని తిరిగారు. కడుపునిండా తిన్నవాడు కూడా ఏదో మరిచిపోయినవాడిలా విస్తరి ముందు కూర్చునే ఉండేవాడు. ఆవకాయ నాలుక మీద భగభగమంటే ఆర్పేదేదీ లేదు.

అందరికంటే ఎక్కువ బాధపడింది కలువాంబ. నా ఇంట అతిథి సగం భోజనంతో లేచాడు, అతని భోజనం పూర్తయ్యేదాకా నేను అన్నం ముట్టను, అని ఒట్టు పెట్టుకుంది. ఉత్త పాలూ పండ్లతో ఆర్నెల్లు గడిపింది. రోజురోజుకీ చిక్కిపోయింది. రాజవైద్యుడు నాడి పట్టుకుని చూసి, అన్నం ముట్టకపోతే వచ్చే అమావాస్య దాటడం కష్టమని రాజు చెవిలో చెప్పాడు. రాజు చెవిలో చెప్పిన మాట గంటలో ఊరంతా తెలిసింది.

పెద్దవాడు రణకేతుడు కత్తి దూశాడు. వాడి మెడ వంచి మజ్జిగ తాగిస్తానని బయల్దేరాడు. వెళ్ళినవాడు తిరిగి రాలేదు. రెండోవాడు ధనకేతుడు పెట్టెనిండా బంగారం నింపుకున్నాడు. బంగారానికి కరగని వాడుంటాడా అని బయల్దేరాడు. వెళ్ళినవాడు తిరిగి రాలేదు. అమావాస్య ఇంకా పదిరోజులుంది.

అప్పుడు మణికేతుడు తల్లి మంచం దగ్గరికి వెళ్ళాడు. ఆర్నెల్లుగా గొంతులో అడ్డం పడ్డ మాట ఆ రోజు బయటికొచ్చింది.

"అమ్మా, ఆ ఆఖరి విస్తరి వదిలేసింది నేనే. పొట్టేళ్ళ పందెం చూడ్డానికి పరిగెత్తాను. నువ్వు నా మూలంగానే ఇలా అయిపోయావు."

అని మంచం కోడు పట్టుకుని ఏడ్చాడు. కలువాంబ కోప్పడలేదు. నాకు ఆ రోజే తెలుసు నాయనా, నువ్వు చెప్తావనే ఎదురుచూశాను, అంది. అని నెమ్మదిగా లేచి కూర్చుని మూడు మూటలు కట్టించింది. ఒకదాన్లో అరిసెలు. ఒకదాన్లో సకినాలు. ఒకదాన్లో పూతరేకులు. ఆకలితో ఉన్నవాళ్ళకి అడక్కముందే పెట్టమంది. ఆ పైన తన చీరకొంగు చింపి, పిడికెడు చల్ల మిరపకాయలు ముడివేసి ఇచ్చింది. చల్ల మిరపకాయలు తెలుసుగా? మిరపకాయల్ని ఉప్పు మజ్జిగలో రాత్రంతా నానేసి, పగలు ఎండలో పెట్టి, మళ్ళీ నానేసి, మళ్ళీ ఎండబెడతారు. పెరుగన్నంలో నంజుకుంటే స్వర్గం.

"ఇవి కిందటేడు మన మజ్జిగలో నానబెట్టినవి. ఎండిపోయినదాన్ని శాపం కనిపెట్టలేకపోయింది. ఈ ఇంటి మజ్జిగ ఇక మిగిలింది వీటిలోనే. పొలిమేర దాటాక గోరువెచ్చటి పాలలో తొడిమలు వెయ్యి. నీ అన్నలకీ ఇవ్వబోయాను, కారం మాకెందుకని వదిలేసి పోయారు."

మణికేతుడు ముడి నడుముకి బిగించి కట్టుకుని బయల్దేరాడు. నడిచాడు, నడిచాడు, నడిచాడు. అడవి మొదట్లో ఒక పెద్ద గండుచీమ నీరసంగా కాళ్ళు ఈడ్చుకుంటూ కనిపించింది. అది అడక్కముందే అరిసె విరిచి పెట్టాడు. బెల్లం పాకం తగిలేసరికి చీమకి ప్రాణం లేచొచ్చింది. అది చీమల రాజట. ఏ దేశపు చీమలైనా మా చుట్టాలే, నన్ను నీ తలపాగాలో పెట్టుకో, అంది. పెట్టుకున్నాడు.

అడవి నడిమధ్య ఒక ముసలి పందికొక్కు ఆకలితో మూలుగుతూ కనిపించింది. అది అడక్కముందే సకినాలు పెట్టాడు. అది కరకరలాడించి, ఇంత కరకర విని ఎన్నాళ్ళయిందో అని మీసాలు దువ్వుకుంది. నన్ను నీ సంచిలో వేసుకో, అంది. వేసుకున్నాడు.

అడవి దాటాక సముద్రం. ఒడ్డున రెండు తలల గండభేరుండ పక్షి కూర్చుని ఉంది. దానికి రెండు తలలూ రెండు ఆకళ్ళూ. ఒక తల తింటే రెండో తలకి కోపం. మణికేతుడు అది అడక్కముందే రెండు చేతుల్లో రెండు పూతరేకులు పట్టుకుని రెండు ముక్కులకీ ఒకేసారి అందించాడు. పూతరేకు నోట్లో పడిందంటే ఇంకేముంది, ఉందా లేదా అనేలోపే కరిగిపోతుంది. రెండు తలలూ కళ్ళు మూసుకున్నాయి. పుట్టాక మొదటిసారి పోట్లాట మానేశాయి. నా వీపెక్కు, ఎక్కడికి కావాలో చెప్పు, అన్నాయి రెండూ కలిసి.

అలా ఏడు సముద్రాలు దాటాడు. ఉప్పు సముద్రం దాటాడు, చెరకు సముద్రం దాటాడు, నెయ్యి సముద్రం దాటాడు. నెయ్యి సముద్రం మీద వెళ్తున్నప్పుడు వచ్చిన వాసనకి పక్షి దారి తప్పబోయిందంటే నమ్మండి. మిగిలిన నాలుగూ దాటేసరికి నల్లదీవి వచ్చింది.

కోట పెరట్లో ఒక అమ్మాయి రోట్లో ఏదో దంచుతోంది. రోకలి పడ్డప్పుడల్లా రోకలి అబ్బా అంటోంది, రోలు అమ్మా అంటోంది. మణికేతుడికి ఆ గొంతులు ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడో ఏమిటి, సొంత అన్నల గొంతులు. కరాళకంఠుడు పెద్దవాణ్ణి రోకలిగానూ రెండోవాణ్ణి రోలుగానూ మార్చేశాడు.

ఆ అమ్మాయి పేరు నీలాలు. పడవ నడిపేవాళ్ళ పిల్ల. చిన్నప్పుడు గాలివానకి పడవ కొట్టుకొచ్చి దీవిలో పడింది. అప్పట్నించీ మాంత్రికుడికి మూడు పూటలా వండిపెట్టడం, వాడి చిలకని మేపడం ఆమె పని. మణికేతుడు వచ్చిన పని చెప్పాడు. నీలాలు రోకలి కింద పెట్టి నిట్టూర్చింది.

"మీ ఇంటినుంచి వచ్చినప్పట్నించీ ఆయనకి ఎంత తిన్నా తిన్నట్టుండదు బాబూ. ఒక్క త్రేన్పు రాదు. అయినా మొండి. మీ ఇంటి మజ్జిగ తప్ప ఇంకెవరిదీ తాగనంటాడు, మీ ఇంటిది అసలే తాగనంటాడు."

మణికేతుడు తిన్నగా మాంత్రికుడి ముందుకి వెళ్ళి చేతులు జోడించాడు. ఆనాడు మీ విస్తట్లో మజ్జిగ పోయకుండా పోయినవాణ్ణి నేనే, తప్పయింది, ఇప్పుడైనా పోయనివ్వండి, అని వేడుకున్నాడు. మాంత్రికుడు గడ్డం నిమురుకున్నాడు. అడగ్గానే తీరితే అది అలక ఎలా అవుతుంది? మూడు పనులు చెప్తాను, మూడూ చేస్తే నీ అన్నల్ని వదిలేస్తాను, శాపం మాత్రం వదలను, అన్నాడు. ఓడిపోతే పచ్చడిబండగా మార్చేస్తాడట. రోలూ రోకలీ ఉన్నాయి, బండ ఒక్కటే తక్కువ.

మొదటి పని. గదినిండా మినుములూ పెసలూ ఆవాలూ కలిపి పోశాడు. మధ్యాహ్నానికల్లా వేటికవి వేరు చెయ్యమన్నాడు. మణికేతుడు తలపాగా విప్పాడు. చీమల రాజు కేకేసింది. దీవిలో చుట్టాలంతా బారులు తీరి వచ్చారు. మధ్యాహ్నం కాకముందే మూడు రాశులు. ఒక్క ఆవగింజ పెసల్లో లేదు.

రెండో పని. ఏడు నిలువుల లోతు పాతరలో ఏడేళ్ళ పాత బియ్యం ఉన్నాయి. మీద ఏనుగంత బండ ఉంది. బండ కదపకుండా బియ్యం తెమ్మన్నాడు. మణికేతుడు సంచి మూతి విప్పాడు. పందికొక్కు మీసాలు దువ్వుకుని పక్కనుంచి సొరంగం తవ్వింది. సాయంకాలానికి పాత బియ్యం చేటనిండా వచ్చాయి. మాంత్రికుడు చేటలోకి చూశాడు, మణికేతుడి మొహంలోకి చూశాడు, మళ్ళీ చేటలోకి చూశాడు.

మూడో పని. రేపు మధ్యాహ్నం నాకు కడుపు నిండేలా భోజనం పెట్టు, అన్నాడు. మణికేతుడు సరేనని ఒక్క షరతు అడిగాడు. విస్తరి ముందు కూర్చున్నాక భోజనం పూర్తయ్యేదాకా లేవకూడదు. మాంత్రికుడికి నవ్వొచ్చింది. పూర్తిగా తినకుండా లేవడమా, నేనా, లేస్తే నా మంత్రాలన్నీ మట్టిలో కలిసిపోతాయి సరేనా, అన్నాడు. తిండిపోతు నోటికి తలుపుండదు. ఆ మాట గుర్తుంచుకోండి.

ఆ సాయంకాలం నీలాలు గేదె పాలు పితికి గోరువెచ్చగా కాచింది. మణికేతుడు కొంగుముడి విప్పి, మిరపకాయల తొడిమలన్నీ తుంచి పాలలో వేసి మూత పెట్టాడు. దీవిలో తోడు లేక నీలాలు పెరుగు చూసి పదేళ్ళయింది. చిన్నప్పుడు అమ్మమ్మ చద్దన్నంలో పోసేదని లీలగా గుర్తు, ఎలా చేస్తారో తెలియదు. తెల్లవారగానే ఇద్దరూ కుండ చుట్టూ చేరారు. మూత తియ్యాలంటే భయం, తియ్యకుండా ఉండలేరు. మణికేతుడు కళ్ళు మూసుకుని మూత తీశాడు. కుండ కదిపింది నీలాలు. పాలు కదల్లేదు. గడ్డ పెరుగు. నీలాలు వేలితో కాస్త తీసి నాలుకకి రాసుకుంది. అమ్మమ్మ గుర్తొచ్చి బావురుమంది. మణికేతుడికి తన తల్లి గుర్తొచ్చి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మర్నాడే అమావాస్య.

ఇక వంట చూడండి. పొయ్యిలు ఏడు. పొగ ఆకాశానికి. పాత బియ్యంతో మల్లెపూల్లాంటి అన్నం. ముద్దపప్పు, మీద గరిటెడు నెయ్యి, పక్కన ఆవకాయ. గుత్తివంకాయ, ఆవపెట్టిన పనసపొట్టు, గోంగూర, ఉలవచారు, మీద వెన్న. సంగటి ముద్దలు ఒక గంప. బొబ్బట్లు ఒక గంప. గారెలు పన్నెండు కాదు, నూటపన్నెండు. పెరుగు చిలికి ఉప్పేసి, కరివేపాకు తుంచి, మజ్జిగ ముంత మాత్రం తలుపు వెనక దాచారు.

మాంత్రికుడు వచ్చి కూర్చున్నాడు. తిన్నాడు, తిన్నాడు, తిన్నాడు. గంపలు ఖాళీ అయ్యాయి, గిన్నెలు ఖాళీ అయ్యాయి. ఆఖరి గారె మింగి, అయినా ఏదో వెలితిగా ఉందని పొట్ట నిమురుకుని లేవబోయాడు.

"కూర్చోండి, ఇంకా భోజనం కాలేదు," అన్నాడు మణికేతుడు.

"అంతా తినేశానుగా?"

"మజ్జిగ పడకుండా భోజనం అయినట్టు ఎలా అవుతుంది? ఆ మాట మీదేగా. ఆ మాట కోసమేగా మా రాజ్యమంతా పెరుగు లేకుండా చేశారు."

మాంత్రికుడు సగం లేచినవాడు సగంలోనే ఆగిపోయాడు. లేస్తే మంత్రాలు పోతాయి. మజ్జిగ పోయించుకుంటే శాపం పోతుంది. మంత్రదండం కోసం చెయ్యి చాపబోయి ఆ చెయ్యి చూసుకున్నాడు. ఎంగిలి చెయ్యి. ఎంగిలి చేత్తో దండం ముడితే మంత్రం పారదు, ఎడమచేత్తో అసలే పారదు. కడుక్కుందామా అంటే భోజనం అయితేగాని చెయ్యి కడగకూడదు. పెద్ద పెద్ద సేనలు కట్టలేని మాంత్రికుణ్ణి ఒక అరిటాకు కట్టిపడేసింది.

అయినా మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. కాళ్ళు మడిచి గట్టిగా కూర్చున్నాడు. నేను కూర్చునే ఉంటాను, ఏడాదైనా కూర్చుంటాను, రేపు అమావాస్య, మీ అమ్మ కూర్చుంటుందా, అన్నాడు. మణికేతుడు తలుపు వంక చూశాడు. తలుపు వెనక ముంత ఉంది, ముందు విస్తరి ఉంది. కానీ పట్టనన్నవాడి విస్తట్లో మజ్జిగ ఎలా పోస్తాడు? మాంత్రికుడు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేసుకున్నాడు.

అప్పుడు నీలాలు మణికేతుణ్ణి పక్కకి లాగి అసలు రహస్యం చెప్పింది.

"ఆయన ప్రాణం చిలకలో ఉంది. ప్రాణంతోపాటు నాలుకా అందులోనే. చిలక ఏది పిసరంత తిన్నా ఆయన నోట్లో అది పుట్టెడవుతుంది. ఒకసారి తెలీక వేపకాయ పెట్టాను. తొమ్మిది రోజులు చేదని ఉమ్ముతూ, దండం పట్టుకుని నా వెంట పడ్డాడు. ఇప్పుడు లేవలేడు. దాని మెడ విరిచెయ్యండి, పీడ వదిలిపోద్ది."

అని పంజరం తెచ్చింది. ఆకుపచ్చ చిలక, ఎర్ర ముక్కు, అమాయకంగా చూస్తోంది. మణికేతుడు ఆలోచించాడు. వాడు చస్తే విస్తట్లో మజ్జిగ పడేదెప్పుడు? శాపం శాపంగానే ఉండిపోతుంది. అదీగాక మా ఇంట సగం భోజనంతో లేచినవాణ్ణి సగం భోజనంలోనే చంపనా? చంపను, అన్నాడు. అని కొంగుముడిలోంచి ఒక చల్ల మిరపకాయ తీశాడు.

మీకు తెలుసుగా, చిలకలకి మిరపకాయలంటే మహా ఇష్టం. వాటికి కారం అంటదు. చిలక ఒంటికాలితో మిరపకాయ పట్టుకుని కొరుక్కుతిని, బాగుంది ఇంకోటి పెట్టు, అంది. అక్కడ మాంత్రికుడి చెవులు ఎర్రబడ్డాయి.

రెండోది పెట్టాడు. చిలక ఇంకా బాగుంది ఇంకోటి పెట్టు, అంది. మాంత్రికుడి ముక్కు కారింది, కళ్ళు కారాయి, గడ్డం తడిసింది. నీళ్ళు నీళ్ళని అరిచాడు. నీలాలు చెంబుతో నీళ్ళిచ్చింది. కారానికి నీళ్ళు తాగితే ఏమవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మంట రెట్టింపయింది. బెల్లం పెట్టింది. కాస్సేపాగి మళ్ళీ మంట.

మూడోది పెట్టాడు. మాంత్రికుడి నోట్లోంచి పొగొచ్చింది. నేల మీద అరచేతులు బాదాడు. ఆ అవస్థలో కోపం పోయింది, పంతం పోయింది, ఆర్నెల్లుగా మోసిన అలక పోయింది. చిన్నపిల్లవాడిలా అడిగాడు.

"బాబూ, కాస్త మజ్జిగ పొయ్యవూ?"

మణికేతుడు ఒక్క దూకులో ముంత తెచ్చి, మజ్జిగ కోసమని దాచిన అన్నం విస్తట్లో పెట్టాడు. మాంత్రికుడు విస్తట్లో అన్నం గుంట చేశాడు. ఆనాడు స్తంభం పక్కన చేసినట్టే చేశాడు. మణికేతుడు మోకాళ్ళ మీద కూర్చుని నెమ్మదిగా మజ్జిగ పోశాడు. గుంట నిండింది. మాంత్రికుడు కలుపుకుని జుర్రుకున్నాడు. ఇంకొంచెం పోశాడు. ఇంకొంచెం జుర్రుకున్నాడు. మంట చల్లారింది. నాలుక మీద రుచి తెలిసింది. ఇది మీ అమ్మ మజ్జిగే, అన్నాడు. అవునన్నాడు మణికేతుడు. మరి ఆ రోజు ఎందుకు పొయ్యలేదు, అని అడిగాడు మాంత్రికుడు. గొంతులో కోపం లేదు, దుఃఖమే ఉంది.

"డప్పు వినపడింది. పొట్టేళ్ళ కోసం పరిగెత్తాను. మీరు అంతసేపు కూర్చున్నారని తెలిస్తే పరిగెత్తేవాణ్ణి కాదు. తెలుసుకోవాల్సింది, తెలుసుకోలేదు."

మాంత్రికుడు ఆఖరి మెతుకు కూడా తిన్నాడు. అప్పుడొచ్చింది త్రేన్పు. అలాంటిలాంటి త్రేన్పు కాదు. ఏడు సముద్రాలమీదా అలలు లేచాయి. కడుపు నిండినవాడి నోట రావలసిన మాట వాడి నోటా వచ్చింది.

"అన్నదాతా సుఖీభవ."

ఆ మాటతో రోకలి రణకేతుడయింది, రోలు ధనకేతుడయింది. ఇద్దరూ నడుములు పట్టుకుని మూలుగుతూ లేచారు. సరిగ్గా అదే క్షణంలో పాలవెల్లిలో ఇంటింటా ఉట్టి మీద కుండలు కదిలాయి. పాలు గడ్డకట్టాయి. ఒక ముసలవ్వ చూసి కేకేసింది. ఆ కేక పక్కింటికి, పక్కింటి కేక పక్క వీధికి, వీధి కేక కోటలోకి వెళ్ళింది. జనం చద్దన్నం కుండలు పట్టుకుని వీధుల్లోకి వచ్చేశారు.

గండభేరుండం ముగ్గురన్నదమ్ముల్నీ నీలాల్నీ వీపు మీద ఎక్కించుకుంది. మాంత్రికుడు చిలకని భుజాన పెట్టుకుని పక్కనే ఎగురుతూ వచ్చాడు. అమావాస్యనాటి మధ్యాహ్నానికి పాలవెల్లిలో దిగారు. మణికేతుడు చెప్పులు విప్పి తిన్నగా తల్లి గదిలోకి వెళ్ళాడు. అరిటాకు పరిచాడు. అన్నం వడ్డించాడు, పెరుగు కలిపాడు, కొంగుముడిలో మిగిలిన చల్ల మిరపకాయ ఒకటి వేయించి పక్కన పెట్టాడు. అతిథి భోజనం పూర్తయిందమ్మా, ఇక నువ్వు తిను, అన్నాడు. కలువాంబ గుమ్మంలో నిలబడ్డ మాంత్రికుణ్ణి చూసింది. వాడు పొట్ట మీద చెయ్యి వేసుకుని తలూపాడు. అప్పుడు ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆ ముద్ద లోపలికి దిగుతుంటే రాజు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

నెల తిరక్కుండా కలువాంబ మునుపటిలా కళకళలాడుతూ తిరిగింది. మంచి ముహూర్తం చూసి మణికేతుడికీ నీలాలకీ పెళ్ళి చేశారు. పడవవాళ్ళ పిల్ల రాణి ఏమిటని ఒకరిద్దరు సణిగారు. ఆమె చేతి పనసపొట్టు తిన్నాక సణుగుడు ఆగింది. పెద్దవాడు సేనాపతయ్యాడు, రెండోవాడు ఖజానా చూసుకున్నాడు. ఆ ఇద్దరూ రోలు కనిపిస్తే మాత్రం ఈనాటికీ పక్కనుంచి తప్పుకుపోతారు. రాజ్యం మణికేతుడికి ఇచ్చారు. అరవై ఏళ్ళు ఏలాడు.

పెళ్ళినాడు బంతి కోట నుంచి ఏటిదాకా సాగింది. మజ్జిగ వేళయింది. సరిగ్గా అప్పుడే కోట బయట పొట్టేళ్ళ పందెం డప్పు మోగింది. జనమంతా పెళ్ళికొడుకు వంక చూశారు. మణికేతుడు పట్టుబట్టల్లోనే ముంత తీసుకుని, డప్పు వంక తిరగకుండా, బంతి చివరికి నడిచాడు. అక్కడ స్తంభం పక్కన కరాళకంఠుడు అన్నం గుంట చేసుకుని కూర్చున్నాడు. మొదటి చుక్క ఆ విస్తట్లో పడింది.

అప్పట్నించీ పాలవెల్లిలో అన్నం బంతి మొదట్నించి వడ్డిస్తారు, మజ్జిగ మాత్రం బంతి చివర్నించి పోసుకొస్తారు. ఇక మన కథకీ మజ్జిగ పడింది. లేవండి, చేతులు కడుక్కోండి.